కాళ్ల కింద నిధి.. గుమ్మం తాళాలు మాత్రం పక్కింటోళ్ల దగ్గర! మంగోలియా కష్టం ఇదీ

తూర్పు మంగోలియా మైదానాల్లో చమురు బావులున్నాయి. అక్కడ తీసిన ముడి చమురు చైనాకు వెళ్తుంది. అదే దేశ రాజధాని ఉలాన్‌బాతర్‌లో బండికి పెట్రోల్ కొట్టించాలంటే మాత్రం ఆ పెట్రోల్ రష్యా నుంచి రావాలి. దేశం వాడే పెట్రోల్, డీజిల్‌లో దాదాపు 95 శాతం అక్కడి నుంచే. సొంత చమురును ఒక పొరుగుకు అమ్ముకుని, వాడుకునే పెట్రోల్‌ను ఇంకో పొరుగు దగ్గర కొనుక్కుంటోంది ఈ దేశం.

కారణం ఒక్కటే. మంగోలియాకు సొంత రిఫైనరీ లేదు. ఇప్పుడు ఆ లోటు తీర్చే పనిలో భారత్ ఉంది. గోబీ ఎడారి అంచున ఆ రిఫైనరీని కడుతున్నది హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే మేఘా ఇంజినీరింగ్. ఎక్కడి హైదరాబాద్.. ఎక్కడి గోబీ? ఈ ప్రాజెక్టు మంగోలియాకు ఎందుకంత ముఖ్యం? బొగ్గు, రాగి, బంగారం, యురేనియం అన్నీ ఉన్న దేశం ఎందుకిలా ఇబ్బంది పడుతోంది? జవాబు ఆ దేశం మ్యాప్‌లోనే ఉంది.

రెండే పొరుగులు.. సముద్రం సున్నా

మంగోలియా విస్తీర్ణం 15.64 లక్షల చదరపు కిలోమీటర్లు. తెలంగాణ, ఏపీ రెండూ కలిపినా అందులో అయిదో వంతు కూడా రాదు. జనాభా మాత్రం సుమారు 35 లక్షలే. అందులో సగం మంది ఒక్క ఉలాన్‌బాతర్‌లోనే ఉంటారు. సగటున చదరపు కిలోమీటరుకు ఇద్దరంటే ఇద్దరే.

ఉత్తరాన రష్యాతో సుమారు 3,500 కిలోమీటర్ల సరిహద్దు. మిగతా మూడు వైపులా చైనాతో 4,600 కిలోమీటర్లకు పైగా సరిహద్దు. అంతే.. మూడో దేశంతో హద్దే లేదు. ప్రపంచంలో కజకిస్తాన్ తర్వాత సముద్రతీరం లేని అతి పెద్ద దేశం ఇదే. సరుకు ఓడ ఎక్కాలంటే ఎక్కువగా వాడే దారి చైనాలోని తియాంజిన్ పోర్టు. ఉలాన్‌బాతర్ నుంచి అక్కడికి రైల్లో దాదాపు 1,700 కిలోమీటర్లు. రష్యా వైపు రేవులు ఇంకా దూరం.

నేల తీరు కూడా అంత సులువైంది కాదు. దేశం సగటు ఎత్తే సముద్రమట్టానికి దాదాపు 1,580 మీటర్లు. పడమర ఆల్తాయ్ పర్వతాలు. అక్కడి ఖుయితెన్ శిఖరం ఎత్తు 4,374 మీటర్లు. మధ్యలో, తూర్పున కనుచూపు మేర గడ్డి మైదానాలు. దక్షిణాన గోబీ ఎడారి. ఉత్తరాన మాత్రమే కొంత అడవి, కొన్ని నదులు కనిపిస్తాయి. గోబీలో చాలా చోట్ల ఏడాదికి 100 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. ఉలాన్‌బాతర్‌లో చలికాలం ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీలకు దిగడం మామూలే. ప్రపంచంలో అతి చల్లని రాజధాని అని దానికి పేరు.

పైన గడ్డి.. దాన్ని నమ్ముకున్న బతుకులు

మంగోలియాకు తరతరాలుగా ఉన్న అసలు ఆస్తి గడ్డి. దేశ భూభాగంలో ఎక్కువ భాగం పచ్చికబయళ్లే. సాగుకు పనికొచ్చే నేల చాలా తక్కువ. గొర్రెలు, మేకలు, గుర్రాలు, ఒంటెలు, జడలబర్రెలతో కలిపి పశువులు.. ఈ అయిదు రకాల జీవాలే అక్కడి కుటుంబాలకు ఆధారం. 2023 చివర్లో దేశంలో ఉన్న జీవాలు దాదాపు 6.5 కోట్లు. అంటే మనిషికి 18 జీవాల దాకా అన్నమాట! జనాభాలో సుమారు మూడో వంతు మంది ఇప్పటికీ పశుపోషణ మీదే బతుకుతున్నారు.

అయితే ఈ ఆస్తి ఒక్క చలికాలంలో ఊడ్చిపెట్టుకుపోగలదు. దాన్నే అక్కడ 'జుడ్' అంటారు. ఎండాకాలంలో వానల్లేక గడ్డి సరిగా పెరగదు. జీవాలకు ఒంట్లో కొవ్వు పట్టదు. ఆ వెంటనే వచ్చే చలికాలంలో మంచు మందంగా కురుస్తుంది. లేదా కురిసిన మంచు కరిగి, మళ్లీ గడ్డకట్టి నేల మీద ఇనుప రేకులా పరుచుకుంటుంది. కింద గడ్డి ఉన్నా జీవాల మూతికి అందదు. అవి ఆకలితో, చలితో నిలబడ్డ చోటే కూలిపోతాయి. 2009-10 చలికాలంలో కోటికి దగ్గరగా జీవాలు చనిపోయాయి. 2023-24లో మళ్లీ 70 లక్షలకు పైగా పోయాయి.

మంద పోయిన కుటుంబం ఏం చేస్తుంది? గుడారం విప్పుకుని రాజధాని బాట పడుతుంది. ఉలాన్‌బాతర్ చుట్టూ కొండవాలుల మీద కనిపించే 'గెర్' గుడారాల బస్తీలు ఇలా పెరిగినవే. చాలా ఇళ్లకు కుళాయి నీళ్లుండవు, వెచ్చదనం అందించే పైపులైన్లుండవు. చలి కాచుకోవాలంటే బొగ్గు కాల్చాల్సిందే. ఆ పొగతో చలికాలంలో ఉలాన్‌బాతర్ గాలి ప్రపంచంలోనే అతి దారుణంగా ఉన్న నగరాల సరసన చేరుతుంది. 2019లో రాజధానిలో శుద్ధి చేయని బొగ్గు కాల్చడాన్ని ప్రభుత్వం నిషేధించింది. దాని బదులు బొగ్గు ఇటుకలు ఇచ్చింది. పొగ కొంత తగ్గినా సమస్య తీరలేదు.

కశ్మీరీ ఉన్ని గిరాకీ ఇంకో చిక్కు తెచ్చింది. ఈ మెత్తటి ఉన్ని ఉత్పత్తిలో మంగోలియాది చైనా తర్వాత రెండో స్థానం. డబ్బు వస్తోంది కదా అని మేకల మందలు బాగా పెరిగాయి. మేక గడ్డిని వేరుతో సహా పీకి తింటుంది. నేల గట్టిదనం పోయి, ఎడారి ఇంకాస్త ముందుకు జరుగుతుంది. పచ్చికను నమ్ముకున్న దేశానికి ఇది చిన్న నష్టం కాదు.

కింద నిధి.. లెక్క చూస్తే కళ్లు తిరుగుతాయి

గడ్డి కింద ఉన్నది ఇంకో లోకం. దక్షిణ గోబీలోని తవన్ తోల్గోయ్‌లో 600 కోట్ల టన్నులకు పైగా బొగ్గు ఉందని అంచనా. అందులో పెద్ద భాగం ఉక్కు తయారీకి కావాల్సిన కోకింగ్ కోల్. చైనా సరిహద్దుకు 80 కిలోమీటర్ల దూరంలో ఓయు తోల్గోయ్ గని ఉంది. అక్కడ రాగి, బంగారం రెండూ దొరుకుతాయి. 2013 నుంచి పైగనిలో, 2023 మార్చి నుంచి భూగర్భ గనిలో ఉత్పత్తి నడుస్తోంది. 2028 నుంచి 2036 మధ్య ఏడాదికి సగటున 5 లక్షల టన్నుల రాగి తీయగలమని గని నడుపుతున్న రియో టింటో చెబుతోంది. ఉత్తరాన ఎర్దెనెట్ రాగి గని 1978 నుంచే, సోవియట్ కాలం నుంచే నడుస్తోంది. యురేనియం కోసం 2025 జనవరిలో ఫ్రాన్స్ సంస్థ ఒరానోతో 160 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. మొబైళ్లు, ఎలక్ట్రిక్ కార్లకు కావాల్సిన రేర్ ఎర్త్ ఖనిజాల మీద అమెరికా కూడా కన్నేసింది.

మరి ఇన్ని ఉన్నా ఇబ్బందేంటి? చిక్కంతా సరుకు గని దాటాక మొదలవుతుంది.

సరుకు రెడీ.. కొనేది ఒక్కడే

గని నుంచి బయటికొచ్చిన బొగ్గుకు, రాగికి దక్షిణాన ఒక్కటే గేటు. అది చైనా. మంగోలియా ఎగుమతుల్లో ఇటీవలి ఏళ్లలో 90 శాతం దాకా అక్కడికే వెళ్తున్నాయి. 2024లో దేశం 8 కోట్ల టన్నులకు పైగా బొగ్గును ఎగుమతి చేసింది. దాదాపు అంతా చైనాకే. సంతలో కొనేవాడు ఒక్కడే ఉంటే బేరం ఎలా నడుస్తుందో తెలిసిందే కదా! ఓడలో ఆస్ట్రేలియా నుంచి వచ్చే బొగ్గుకు ప్రపంచమంతా కొనుగోలుదారులుంటారు. గోబీ బొగ్గుకు ఆ వీలు లేదు. అందుకే గని దగ్గర దానికి పలికే ధర తక్కువ.

రైలు పట్టాల కథ ఇంకా ఆసక్తికరం. మంగోలియా మెయిన్ లైన్‌ను సోవియట్ కాలంలో వేశారు. పట్టాల మధ్య వెడల్పు 1,520 మిల్లీమీటర్లు. చైనాలో అది 1,435 మిల్లీమీటర్లు. తేడా 85 మిల్లీమీటర్లు.. అంటే అరచేయంత వెడల్పు. కానీ ఈ కాస్త తేడాకే సరిహద్దులో రైలు ఆగిపోవాలి. బోగీలను జాకీలతో పైకెత్తి చక్రాలు మార్చాలి. లేదా సరుకంతా దించి వేరే రైల్లోకి ఎక్కించాలి. టైమ్, డబ్బు రెండూ ఖర్చే. పైగా ఈ మెయిన్ లైన్ నడిపే ఉలాన్‌బాతర్ రైల్వేలో రష్యాకు సగం వాటా ఉంది.

కొత్తగా వేసే లైన్లకు ఏ వెడల్పు పెట్టాలన్న దానిపై పార్లమెంటులో ఏళ్ల తరబడి గొడవ నడిచింది. చైనా వెడల్పు పెడితే ఖర్చు తగ్గుతుంది. కానీ పట్టాలతో పాటు చైనా పట్టు కూడా లోపలికి వస్తుందన్న భయం. ఈ వాదనలు తేలేలోపు తవన్ తోల్గోయ్ బొగ్గు లారీల మీదే వెళ్లింది. సరిహద్దు దగ్గర కిలోమీటర్ల కొద్దీ లారీల క్యూలు. గోబీ అంతా బొగ్గు దుమ్ము. కరోనా టైమ్‌లో చైనా గేటు బిగించగానే ఎగుమతులు పడిపోయాయి. చివరికి 233 కిలోమీటర్ల తవన్ తోల్గోయ్-గషూన్ సుఖాయిత్ లైన్ 2022 సెప్టెంబర్‌లో మొదలైంది. అది కూడా హద్దు దాకే. హద్దు దాటి చైనా లైన్‌తో కలిపే పని 2025లో గానీ మొదలవలేదు.

అంతర్జాతీయ చట్టం ఏమీ చెప్పదా అంటే.. చెబుతుంది. ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం ప్రకారం తీరం లేని దేశాలకు సముద్రం దాకా వెళ్లే హక్కు ఉంది. అయితే ఆ హక్కును ఏ షరతులతో, ఏ దారిలో వాడుకోవాలన్నది దారి ఇచ్చే దేశంతో మాట్లాడుకుని తేల్చుకోవాలి. అంటే కాగితం మీద హక్కు ఉంది. నేల మీద మాత్రం పొరుగు దేశం దయ కావాలి.

ఒక్క పర్యటన.. బొగ్గు లారీలకు దెబ్బ

ఈ దయకు ఖరీదెంతో 2016లో అర్థమైంది. ఆ ఏడాది నవంబర్‌లో దలైలామా ఉలాన్‌బాతర్ వెళ్లారు. మంగోలియాలో ఎక్కువ మంది టిబెటన్ బౌద్ధం పాటిస్తారు. వాళ్లకు ఆయన గురువు. బీజింగ్‌కు అది నచ్చలేదు. కొద్దిరోజుల్లోనే సరిహద్దులో మంగోలియా సరుకు మీద అదనపు ఫీజులు మొదలయ్యాయి. అప్పటికే అప్పుల్లో ఉన్న దేశం చైనాతో జరుపుతున్న రుణ చర్చలు ఆగిపోయాయి. నెల తిరక్కుండానే మంగోలియా విదేశాంగ మంత్రి విచారం వ్యక్తం చేసి, ఈ ప్రభుత్వ హయాంలో దలైలామాను మళ్లీ రానివ్వబోమని చెప్పాల్సి వచ్చింది.

ఒక్క తుపాకీ కూడా పేలలేదు. గేటు దగ్గర ఫీజు పెరిగిందంతే. ఒక దేశ విదేశాంగ విధానం వంగింది.

ఉత్తరాన రష్యాతోనూ ఇలాంటి కథే ఉంది. మంగోలియా కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు మీదే వస్తుంది. జలవిద్యుత్ కోసం ఎగీన్ నది మీద ఆనకట్ట కట్టాలనుకున్నారు. ఆ నీళ్లు ఖువ్స్‌గుల్ సరస్సులో పుట్టి, సెలెంగే నదిలో కలిసి, రష్యాలోని బైకాల్ సరస్సుకు చేరతాయి. బైకాల్‌కు ముప్పు అంటూ రష్యా అభ్యంతరం చెప్పింది. పర్యావరణం పరంగా ఆ ఆందోళనలో నిజం లేదని కొట్టిపారేయలేం. కానీ ఫలితం చూస్తే.. ప్రాజెక్టు ఏళ్ల తరబడి ముందుకు కదల్లేదు. అటు ఓయు తోల్గోయ్ గనికి కరెంటు ఇన్నాళ్లూ ప్రధానంగా చైనా నుంచే వస్తోంది. రాగి తీసేది మంగోలియాలో, కొనేది చైనా, కరెంటూ చైనాదే!

వచ్చిన డబ్బు ఎటు పోతోంది?

తప్పంతా పొరుగు దేశాల మీద తోసేస్తే కుదరదు. 2022 డిసెంబర్‌లో ఎముకలు కొరికే చలిలో వేల మంది యువత ఉలాన్‌బాతర్ సెంట్రల్ స్క్వేర్‌లోకి వచ్చారు. చైనాకు వెళ్లిన బొగ్గు లెక్కల్లో భారీ తేడాలున్నాయని, పెద్దలు దాన్ని మింగేశారని వాళ్ల ఆరోపణ. 2025 మేలో అవినీతి మీద మళ్లీ నిరసనలు. జూన్‌లో ప్రధాని ఒయున్ ఎర్దెనె విశ్వాస ఓటింగ్‌లో గట్టెక్కలేక పదవి వదులుకున్నారు.

ఓయు తోల్గోయ్ మీద కూడా జనంలో అసంతృప్తి ఉంది. ఆ గనిలో ప్రభుత్వానికి 34 శాతం వాటా ఉంది. మిగతా 66 శాతం రియో టింటోది. ప్రభుత్వం తన వాటా పెట్టుబడిని కూడా భాగస్వామి దగ్గర అప్పుగానే తీసుకుంది. ఆ అప్పు మీద వడ్డీ పెరుగుతూ పోయింది. అందుకే తవ్వకం మొదలై ఏళ్లు గడిచినా డివిడెండ్ కళ్లజూడలేదు. 2022 జనవరిలో 240 కోట్ల డాలర్ల అప్పును రద్దు చేశాకే భూగర్భ గని పని ముందుకు కదిలింది. 2024లో ఖనిజాల ఆదాయాన్ని భావితరాల కోసం దాచే జాతీయ సంపద నిధి చట్టం తెచ్చారు. అది ఎంత నిజాయితీగా నడుస్తుందో తేలడానికి టైమ్ పడుతుంది.

గోబీలో మేఘా ఏం చేస్తోంది?

ఇక మన కథలోకి వద్దాం. రెండు పెద్ద దేశాల మధ్య నలిగిపోకుండా మంగోలియా 1990ల నుంచి 'మూడో పొరుగు' విధానం పాటిస్తోంది. హద్దు కలవకపోయినా అమెరికా, జపాన్, దక్షిణ కొరియా, భారత్ లాంటి దేశాలను పొరుగువాళ్లలా దగ్గర చేసుకోవడమే దాని ఉద్దేశం. 2015 మేలో ప్రధాని మోదీ ఉలాన్‌బాతర్ వెళ్లారు. భారత ప్రధాని అక్కడికి వెళ్లడం అదే మొదటిసారి. అప్పుడే 100 కోట్ల డాలర్ల రుణ సాయం ప్రకటించారు. దాన్ని రిఫైనరీకి వాడాలని మంగోలియా నిర్ణయించింది. 2018 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. ఖర్చు పెరగడంతో సాయాన్ని 170 కోట్ల డాలర్లకు పెంచారు. భారత్ ఇతర దేశాల్లో చేపట్టిన అభివృద్ధి ప్రాజెక్టుల్లో ఇదే అతి పెద్దది.

దోర్నోగోవి ప్రావిన్స్‌లో సైన్‌షాండ్ దగ్గర కడుతున్న ఈ రిఫైనరీ ఏడాదికి 15 లక్షల టన్నుల ముడి చమురును శుద్ధి చేయగలదు. కట్టడం పనుల్లో ప్రధాన ప్యాకేజీలు మేఘా ఇంజినీరింగ్ చేతిలో ఉన్నాయి. మైనస్ 30 డిగ్రీల చలిలో కాంక్రీటు పని చేయడం అంటే మాటలు కాదు. బయట పని చేసుకునే నెలలే తక్కువ. భారీ యంత్రాలన్నీ ఓడ దిగాక పరాయి దేశం మీదుగా రైల్లోనో, ట్రక్కులోనో రావాలి. అంటే తాళం తీయడానికి చేస్తున్న ప్రయత్నం కూడా అదే గేటులోంచి రావాలి! ఆలస్యాలు అందుకే. 2028 నాటికి పూర్తి చేయాలన్నది ఇప్పటి లక్ష్యం.

ఈ తొందర ఎందుకో ఒక్క ఉదాహరణ చాలు. 2024 మార్చిలో రష్యా ఆరు నెలల పాటు పెట్రోల్ ఎగుమతులను నిషేధించింది. మంగోలియాకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఊపిరి పీల్చుకున్నారు సరే.. కానీ ఆ మినహాయింపు ఇచ్చేదీ, ఆపేదీ మాస్కోనే.

రిఫైనరీతో అన్నీ తీరిపోతాయా?

తీరిపోవు. ముందుగా ముడి చమురు సంగతి. రిఫైనరీ పూర్తి సామర్థ్యంతో నడవాలంటే ఏటా 15 లక్షల టన్నులు కావాలి. ఇటీవలి ఏళ్లలో మంగోలియా తీస్తున్నది దానికంటే బాగా తక్కువ. పైగా తూర్పు బావుల నుంచి సైన్‌షాండ్ దాకా 500 కిలోమీటర్లకు పైగా పైపులైన్ వేయాలి. ఆ బావుల్లో పెద్దవాటిని నడుపుతున్నది చైనా కంపెనీయే. ఉత్పత్తి పెరగకపోతే కట్టిన రిఫైనరీలో కొంత భాగం ఖాళీగా ఉంటుంది. తీసుకున్నది రుణం కాబట్టి తిరిగి కట్టడం మాత్రం ఆగదు.

అయినా ఇందులో ఒక తేడా ఉంది. బొగ్గు గని, రాగి గని మంగోలియా నుంచి సరుకును బయటికి తీసుకెళ్తాయి. రిఫైనరీ సరుకును లోపలే ఉంచుతుంది. పెట్రోల్‌ను ఇంట్లోనే తయారు చేసుకుంటే సరిహద్దు గేటు ప్రశ్నే రాదు. సముద్రం లేని దేశానికి ఇది చాలా పెద్ద విషయం. దారి మన చేతిలో లేనప్పుడు, దారి అవసరం లేని పని పెంచుకోవడమే తెలివైన పని.

విశాఖకు గోబీ బొగ్గు వస్తుందా?

మనకూ ఇందులో ఒక లెక్క ఉంది. భారత్ ఏటా 5 కోట్ల టన్నులకు పైగా కోకింగ్ కోల్ దిగుమతి చేసుకుంటోంది. విశాఖ ఉక్కుతో సహా మన స్టీల్ ప్లాంట్లకు ఇది ప్రాణాధారం. పెద్ద భాగం ఆస్ట్రేలియా నుంచే వస్తుంది. అక్కడ తుపాన్లు వచ్చినా, వరదలొచ్చినా ఇక్కడ ధర ఎగురుతుంది. అందుకే మంగోలియా బొగ్గు మీద భారత్ ఆసక్తి చూపిస్తోంది. నాణ్యత బాగుంది, నిల్వలకు కొదవ లేదు. కానీ రావాలంటే చైనా మీదుగా తియాంజిన్ రావాలి. లేదంటే రష్యా మీదుగా తూర్పు తీరానికి వేల కిలోమీటర్లు రైల్లో తిరిగి రావాలి. మొదటి దారిలో మన స్టీల్ ప్లాంట్ల బొగ్గు తాళం చైనా చేతికి వెళ్తుంది. రెండో దారిలో రవాణా ఖర్చు భారమవుతుంది. మంగోలియా బేరం కుదరకపోవడానికి కారణమైన గేటే మన బేరానికీ అడ్డు.

మరోవైపు ఆ గేటు ఇంకా బిగిసే సూచనలున్నాయి. రష్యా గ్యాస్‌ను మంగోలియా మీదుగా చైనాకు చేర్చే 'పవర్ ఆఫ్ సైబీరియా-2' పైపులైన్‌పై 2025 సెప్టెంబర్‌లో అవగాహన కుదిరింది. ఏడాదికి 5 వేల కోట్ల క్యూబిక్ మీటర్ల గ్యాస్ దాని సామర్థ్యం. ఇది వస్తే మంగోలియాకు దారి అద్దె వస్తుంది. రెండు పొరుగు దేశాలకూ మంగోలియా నేలతో అవసరం పడుతుంది. ఆ అవసరాన్ని బేరంలో వాడుకుంటుందా, లేక ఇంకో రెండు తాళాలు వేయించుకుంటుందా అన్నది ఉలాన్‌బాతర్ పాలకుల నేర్పు మీద ఆధారపడి ఉంటుంది.

రాబోయే రోజుల్లో మూడు విషయాలు గమనించాలి. గోబీ బొగ్గు రైలు హద్దు దాటాక ధర పెరుగుతుందా.. చైనా మీద ఆధారపడటమే పెరుగుతుందా? గనుల డబ్బు జుడ్‌లో మంద పోగొట్టుకున్న కుటుంబం దాకా చేరుతుందా? సైన్‌షాండ్ రిఫైనరీ చెప్పిన టైమ్‌కు పొయ్యి వెలిగిస్తుందా? మొదటిది బీజింగ్ చేతిలో, రెండోది ఉలాన్‌బాతర్ చేతిలో ఉంది. మూడోదాంట్లో మాత్రం మన హైదరాబాద్ చెయ్యి కూడా ఉంది.